సూది పిన్ని నీళ్ల నడక

మా పిన్ని కాలు ఎలా విరిగిందన్నదానికి రెండు కథలున్నాయి. ఒకటి ఆవిడ అందరికీ చెప్పింది. రెండోది జరిగింది.

అందరికీ చెప్పిన కథ ప్రకారం, ఆవిడ తన కుట్టుకొట్లో బూజు దులపడానికి స్టూలెక్కి, పట్టు తప్పి పడిపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ మంచం మీద కాలు చాపుకుని ఈ కథ చెప్పేది. వచ్చిన మనిషిని బట్టి బూజు పెరుగుతూ పోయింది. పక్కింటివాళ్లకు వట్టి బూజే. వీధి చివర బేకరీ ఆవిడ వచ్చేసరికి అందులో ఒక సాలీడు చేరింది. మా అమ్మ ఊరి నుంచి దిగేసరికి ఆ సాలీడు అరచెయ్యంత అయి పిన్ని మీదికి ఉరికింది. అమ్మ అంతా విని, “నీ కొట్లో ఉండి నీ నోటికి జడవకుండా అంత పెరిగిందంటే అది మామూలు సాలీడు కాదే” అని ఊరుకుంది. చెల్లెలు ఎక్కడ అతుకేసిందో అక్కకు తెలియదా.

పిన్నిని అందరూ సూది పిన్ని అంటారు. కుట్టుపని చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. పాతవాళ్లకు సంగతి తెలుసు. ఏటా నడుము వదులు చేయమని పంట్లాం తెచ్చే బ్యాంకు గుమాస్తాతో, “పంట్లాం తప్పేం లేదండీ, అది ఎక్కడిదక్కడే ఉంది. కదిలింది మీరు” అంటుంది. అన్నాక ఆ పంట్లాం పాత కుట్టు ఆనవాలు కూడా కనబడకుండా వదులు చేసి, ఇస్త్రీ పెట్టి మరీ ఇస్తుంది. అందుకే గుచ్చినా జనం మళ్లీ ఆవిడ దగ్గరికే వస్తారు. బడిపిల్లల యూనిఫాంలు, ఊడిన జిప్పులు, కర్టెన్లు, ఎవరో బహుమతిగా ఇచ్చిన పొడుగు చొక్కాలు, అన్నీ ఒక పాత తొక్కుడు మిషను మీదే సాగిపోతాయి.

మా బాబాయి ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసుకొచ్చే ఉద్యోగి. పగలంతా అంకెలు చూసి చూసి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగలవు. పూటకొక మాట, అదీ తప్పనిసరైతే. ఆయన వాటా కూడా పిన్నే మాట్లాడేస్తుంది. నేను వాళ్లకు రెండు వీధుల అవతల ఉంటాను. మందుల షాపులో నాకు మధ్యాహ్నం నుంచి డ్యూటీ. పొద్దున్నపూట ఖాళీగా దొరికాను కాబట్టి పిన్ని కాలు నా పాలబడింది.

ఇక్కడ ఇంకొక మనిషిని పరిచయం చేయాలి. పిన్ని కొట్టు నిజానికి మా తాతయ్యది. తాతయ్య ఊళ్లో పేరున్న టైలరు. ఆయన దగ్గర ఇద్దరు పని నేర్చుకున్నారు. ఒకరు కూతురు, మరొకరు ఎక్కడి నుంచో పని వెతుక్కుంటూ వచ్చి అక్కడే ఉండిపోయిన శిష్యుడు. ఆ శిష్యుడే కత్తెరాయన. తాతయ్యకు చూపు మందగించాక కొట్టును నడిమికి చీల్చి మధ్యలో చెక్కగోడ పెట్టించాడు. ఒక సగం కూతురికి, ఒక సగం శిష్యుడికి. గాలి ఆడాలని గోడ నెత్తిన ఒక వెంటిలేటరు. అక్కడిదాకా బాగానే ఉంది. సామాను పంచడంలో ముడి పడింది. మిషను పిన్నికి ఇచ్చి, టేకు కోతబల్ల కత్తెరాయనకు ఇచ్చాడు. బల్ల లేకుండా మిషను మీద గాలిని కుట్టుకోనా అని పిన్ని, మిషను లేకుండా బల్ల మీద పడుకోనా అని ఆయన. ఆయన మిషను కొనుక్కున్నాడు, ఈవిడ బల్ల చేయించుకుంది. అయినా మాటలు లేవు.

మాటలు లేవంటే మౌనం అని కాదు. ఇద్దరూ గోడతో మాట్లాడేవాళ్లు. “కొందరి రేడియోకు గొంతు తగ్గించే మీట ఊడిపోయిందేమో” అని పిన్ని గోడకు చెప్పేది. కాసేపటికి గోడ అవతలి నుంచి, “కొందరి గొంతుకు అసలు మీటే పెట్టలేదు పైవాడు” అని వినబడేది. గిరాకీలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఇద్దరినీ మేపేవాళ్లు. కాలరు కావాలంటే కత్తెరాయన దగ్గరికి. ఆయన కాలరు ఎన్ని ఉతుకులైనా చెప్పిన మాట విన్నట్టు మెడ చుట్టూ పడుకుని ఉండేది. పిన్ని కాలరు మూడో ఉతుకుకు అలిగిన పిల్ల పెదవిలా పైకి లేచేది. గుండీల కాజాలు కావాలంటే మటుకు పిన్ని దగ్గరికే. కత్తెరాయన కాజాలు ఎలుక కొరికినట్టుంటాయని ఊరందరి మాట.

ఇలా ఉండగా పిన్ని స్టూలు మీద నుంచి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో ఇనుప పట్టీ వేసి మరలు బిగించారు. కుట్లు మానాయి, ఎముక అతికింది, కానీ చీలమండ మాత్రం తుప్పుపట్టిన తలుపుబందులా బిగుసుకుపోయింది. ఒకరోజు నా సాయంతో కొట్టుకు వచ్చి మిషను ముందు కూర్చుని, ఆ కాలు తొక్కుడు పలక మీద పెట్టింది. మడమ కిందికి దిగితే వేళ్లు పైకి లేవవు. చక్రం ముందుకు పోకుండా వెనక్కి తిరిగింది, దారం పుటుక్కున తెగింది. పిన్ని మళ్లీ దారం ఎక్కించలేదు. మోటారు పెట్టిద్దామన్నాను. “మోటారు మిషను పొగరుబోతు గుర్రం. అది పోయే చోటికి మనం పోవాలి” అంది, కానీ గొంతులో రోజూ ఉండే పదును లేదు.

డాక్టరు రాసిన మందేమిటంటే నీళ్లు. తాగడానికి కాదు, నడవడానికి. ఫైరు స్టేషను వెనక కాలనీ సంఘం నడిపే కొలను ఒకటుంది. రోజూ పొద్దున ఒక గంట దాన్ని ఎముకలు విరిగినవాళ్లకీ కీళ్లు మార్పించుకున్నవాళ్లకీ వదిలేస్తారు. గుండెలోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో ముప్పాతికవంతు నీళ్లే మోస్తాయి, కాలు భయం లేకుండా కదులుతుందని డాక్టరు చెప్పాడు. నేనేమన్నా చేపనా కప్పనా అని పిన్ని ఇంటికొచ్చి రుసరుసలాడింది. ఆ పూట మాట బాబాయి అప్పుడే వాడేశాడు.

“దిగి చూడు” అన్నాడు.

ఆ కొలను హాలులో అడుగుపెడితే ముందు క్లోరిన్ వాసన ముక్కును పలకరిస్తుంది. తర్వాత వెచ్చటి ఆవిరి కళ్లద్దాలను కమ్మేస్తుంది. ఎత్తైన రేకుల కప్పు కింద ఎవరు దగ్గినా పదిమంది దగ్గినట్టు మోగుతుంది. ఒక పక్క నీళ్లలోకి దిగే ఏటవాలు దారి, దానికి రెండు వైపులా స్టీలు కడ్డీలు. గోడవార రంగురంగుల స్పాంజి గొట్టాలు కట్టెల మోపులా నిలబెట్టి ఉంటాయి. అక్కడ కసరత్తులు చేయించే ఫిజియో అమ్మాయి మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది కాబట్టి అందరూ ఈలపిల్ల అంటారు. ఆ పిల్ల మొదటి రోజు పిన్నికి ఈత డ్రస్సు చూపించింది, సాగే బట్టతో ఒంటికి అతుక్కునేది. పిన్ని దాన్ని వేళ్లతో సాగదీసి, కుట్లు తిరగేసి చూసి తిరిగి ఇచ్చేసింది.

“ఇది బట్ట కాదమ్మడూ, దిండుగలీబు. నేను దిండుని కాదు. నాది నేను కుట్టుకుంటాను.”

రంగు కారకూడదు, కాళ్లకు చుట్టుకోకూడదు, ఆ రెండూ చూసుకోండి ఆంటీ అంది ఈలపిల్ల. పాపం, గాలి సంగతి చెప్పాలని ఆ పిల్లకు తోచలేదు.

పిన్ని మంచం మీద కూర్చునే చేతికుట్టుతో ఆ డ్రస్సు తయారుచేసింది. ఎవరో పెద్దింటివాళ్ల కర్టెన్లకు వేయగా మిగిలిన లైనింగు బట్ట, ముదురు నీలం, చుక్క నీరు గానీ వెలుగు గానీ చొరనంత దట్టమైన నేత. మెడ దగ్గర నుంచి మోకాళ్ల దాకా మూడు వరసల కుచ్చులు పెట్టింది. నీళ్లలో గౌను పైకి తేలి పరువు పోతుందని మోకాళ్ల దగ్గర అంచు చుట్టూ గట్టి ఎలాస్టిక్ లాగి బిగించింది. వేసుకుని అద్దం ముందు నిలబడితే పెద్ద దీపపు గ్లోబులా ఉంది. బాగుందా అని అడిగింది. పరువుగా ఉందన్నాను. అది అబద్ధం కాదు.

మర్నాడు వాకరు గట్టున వదిలి, కడ్డీలు పట్టుకుని ఏటవాలు దారిలో దిగింది. నేను గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. నీళ్లు మోకాళ్లు దాటాయి. నడుము దగ్గరికి వచ్చేసరికి గౌను నిండా ఉన్న గాలికి బయటికి పోవడానికి దారి లేదు. పైనుంచి తడిసిన కుచ్చులు మూసేశాయి, కిందినుంచి ఎలాస్టిక్ బిగించేసింది. గౌను ఉబ్బింది. ఇంకొక అడుగు వేసింది, ఇంకా ఉబ్బింది. మూడో అడుగు వేయడానికి కింద నేల లేదు.

“అమ్మడూ, నా కాళ్లు ఎక్కడికో పోతున్నాయి” అంది పిన్ని, చాలా నెమ్మదిగా.

కంగారులో కడ్డీ వదిలేసింది. అంతే, పిన్ని బంతిలా తేలింది. వెచ్చటి నీళ్లు లోపలికి తోసే గొట్టం ఆ పక్కనే ఉంది. ఆ ఊపుకి ఆవిడ గిరగిర ఒక చుట్టు తిరిగి, ఠీవిగా, ఎవరో ఊరేగిస్తున్నట్టు కొలను అవతలి గట్టు వైపు సాగిపోయింది. స్పాంజి డంబెళ్లతో చేతులు ఆడిస్తున్న రిటైరైన పెద్ద టీచరమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఈలపిల్ల ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయింది.

అవతలి గట్టున ఒకాయన కడ్డీ పట్టుకుని, మనకు వీపు పెట్టి, ఒక కాలు వెనక్కీ ముందుకూ ఊపుతున్నాడు. పాత బనీను, మోకాళ్ల దాకా నిక్కరు. నీళ్ల చప్పుడుకు వెనక్కి తిరిగాడు. కత్తెరాయన.

తాతయ్య పోయాక ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదని నేను అప్పుడు అనుకున్నాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఇద్దరూ కొయ్యబారిపోయారు. పిన్ని కొయ్యబారినా ఆగలేదు, తేలుతూ ఆయన మీదికే వస్తోంది.

“పట్టుకోవయ్యా” అంది చివరికి.

“ఎక్కడ పట్టుకోమంటారు అమ్మాయిగారూ, అంతా గాలే” అన్నాడాయన. గురువుగారి కూతురు కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆవిడ ఆయనకు అమ్మాయిగారే. అరవై దాటినా అదే పిలుపు. తన పక్కన తేలుతున్న స్పాంజి గొట్టం ఒక కొస ఆవిడకు అందించి, “మోకాలి దగ్గర ఎలాస్టిక్ ఒక పక్క లాగండి. గాలి పోతుంది” అన్నాడు.

పిన్ని లాగింది. గాలి పోయింది. ఎలా పోయిందో నేను వర్ణించను. నీళ్లలోంచి బుడగలు పెద్దవీ చిన్నవీ వరసగా వచ్చాయి, ఆ రేకుల కప్పు కింద ఆ చప్పుడు గోడ గోడకూ తగిలి తిరిగొచ్చింది. హాల్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా వేరే వేరే దిక్కులు చూశారు. పెద్ద టీచరమ్మ గడియారం వంక చూసి, “టైమెంతైంది?” అని ఎవరినీ కాకుండా అడిగింది. పిన్ని నిలువునా దిగి నేలమీద నిలబడింది. విరిగిన కాలు కూడా ఆనించే నిలబడిందని అప్పుడు ఎవరూ గమనించలేదు, పిన్నితో సహా.

ఆ రోజే గంట మార్చమని ఈలపిల్లను పట్టుకుంది. ఎముకలవాళ్లకు ఇదొక్కటే గంట ఆంటీ, మిగతాదంతా ఈత నేర్చుకునేవాళ్లకే అంది ఆ పిల్ల. పిన్ని విసురుగా నా కారెక్కి కూర్చుంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, వాడికేమైందట అని అడిగింది. నాకు తెలుసు. ఆయన భార్య మా షాపుకే మందులకు వస్తుంది. బాత్రూంలో సబ్బు మీద కాలేసి జారిపడ్డాడట, తుంటి ఎముక చిట్లిందట. నువ్వు పడ్డ రోజు సాయంత్రమే పిన్నీ, ఇద్దరికీ ఒకేరోజు రాసిపెట్టి ఉందేమో అన్నాను.

పిన్ని నా వైపు తిరిగింది. “ఒకే సాయంత్రమా?”

“అవును.”

“బాత్రూంలోనా?”

“అలాగే చెప్పారు.”

పిన్ని మొహంలో ఏదో కదిలింది. మొదట పెదవి, తర్వాత భుజాలు. నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. నేను కారు పక్కకు ఆపాల్సి వచ్చింది. అప్పుడు చెప్పింది నాకు రెండో కథ.

తాతయ్య కాలరు కిటుకు తన కడుపున పుట్టినదానికి చెప్పకుండా శిష్యుడికే చెప్పి పోయాడని పిన్నికి ఏళ్ల తరబడి లోపల ముల్లు. ఆ సాయంత్రం గోడ అవతల కత్తెరాయన పెళ్లివాళ్ల కోటు కాలరు మొదలుపెట్టాడని రేడియో ఆపేయడాన్ని బట్టి పసిగట్టింది. బట్టల పెట్టె మీద స్టూలు వేసి, స్టూలెక్కి వెంటిలేటరు దగ్గర కన్ను ఆనించింది. అవతల కాలరు లేదు, కోటు లేదు. ఆవిడ కంటికి జానెడు దూరంలో ఇంకొక కన్ను ఉంది. ఆ కన్ను కూడా ఇటే చూస్తోంది.

“దబ్బుమని చప్పుడైంది. నేనే పడ్డాననుకున్నాను. పడ్డాక మళ్లీ ఒక దబ్బు వినబడింది. ఒక్క మనిషి రెండుసార్లు ఎలా పడుతుందా అని ఆసుపత్రిలో కూడా ఆలోచించాను. నొప్పిలో బుర్ర పనిచెయ్యలేదనుకున్నాను” అంది పిన్ని.

ఆ తర్వాత కొలనుకు వెళ్లడానికి పిన్నిని బతిమాలే పని నాకు తప్పింది. నేను వెళ్లేసరికే సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చునేది. గౌనుకు ఎలాస్టిక్ విప్పేసి, కుచ్చులు కోసేసి, రెండు పక్కలా చీలికలు పెట్టి, బరువుగా వేలాడటానికి కర్టెన్ అంచుల్లో పెట్టే సీసపు బిళ్లలు లోపల కుట్టింది. ఈసారి నీళ్లలోకి దిగితే గౌను మర్యాదగా దిగింది. దాన్ని చూసి ఇంతకాలం గట్టునే కూర్చుని కాళ్లు మాత్రం తడుపుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు తమకూ అలాంటిది కుట్టిపెట్టమన్నారు.

నీళ్లలో అసలు పని మటుకు నెమ్మదిగానే నడిచింది. ముందుకు నడక, వెనక్కి నడక, అడ్డంగా పీతనడక. గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, మడమ మీద దిగడం. మొదటివారం ఈ చివరి కసరత్తుకి పిన్ని కళ్లలో నీళ్లు తిరిగేవి. క్లోరిన్ అనేది. నొప్పి ఎక్కువైనప్పుడు నోరు ఇంకా ఎక్కువయ్యేది. ఆ నోటికి అక్కడ ఆహారం కూడా దొరికింది.

ఒకరోజు కత్తెరాయన పెద్ద టీచరమ్మకు తన బాత్రూం కథ చెబుతున్నాడు. సబ్బు ఎంత నున్నగా ఉందో, తను ఎలా జారాడో. పిన్ని పక్కనే మునివేళ్ల మీద లేస్తూ దిగుతూ వింది.

“ఆ సబ్బు ఎంత ఎత్తులో పెట్టుకుంటావయ్యా?” అంది.

ఆయన తల తిప్పకుండానే, “బూజు ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తులో, అమ్మాయిగారూ” అన్నాడు.

టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సబ్బు తడిగా ఉంటే ఎత్తులో పెట్టకూడదని, తాను ఎప్పుడూ గిన్నెలో పెడతానని సలహా ఇచ్చింది. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా తలలూపారు. ఒకరి గుట్టు బయటపెడితే రెండోవారిదీ పోతుంది. చేతికి చిక్కిన శత్రువును కొట్టనూ లేక, వదలనూ లేక ఇద్దరూ అవస్థ పడ్డారు. ఆ అవస్థ ఇద్దరికీ ఎంతో బాగుందని నాకు గట్టు మీద నుంచి కనబడుతూనే ఉంది.

ఈలపిల్లకు వీళ్ల చరిత్ర తెలియదు. ఇద్దరూ ఒకే ఎత్తు, ఇద్దరికీ ఎడమ పక్కే దెబ్బ అని జతకట్టి, చేతులు పట్టుకుని ఎదురెదురుగా పీతనడక నడవమంది. చేతులు పట్టుకోవడానికి పిన్ని ససేమిరా అంది. చివరికి స్పాంజి గొట్టం చెరొక కొస పట్టుకుని నడిచారు. కొలను ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి. అలా నడుస్తుండగానే ఒకరోజు అసలు మాట వచ్చింది. నీళ్లలో అడుగు అడుగుకూ ఊపిరి తీసుకోవాలి కాబట్టి పిన్ని కూడా అరవకుండా మాట్లాడింది.

“ఆ సాయంత్రం నువ్వెందుకెక్కావు?”

“కాజా కోసం” అన్నాడాయన. “బటను పెట్టినా తీసినా నోరు సాగదు మీ కాజాకు. ఎలా కుడతారో చూద్దామని. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను, మీ చెయ్యి అడ్డం వస్తుంది.”

“ఇన్నేళ్లా?”

“మీరో?”

పిన్ని ఆ ప్రశ్నను దాటేసింది. “నాన్న కాలరు కిటుకు నీకు చెప్పాడు. నాకు చెప్పలేదు. అది నీది, అడగను. కాజాకేం, అదీ నీకే చెప్పాడు కదా, మళ్లీ నా దగ్గరెందుకు?”

కత్తెరాయన నడక ఆపేశాడు. “నాకెవరు చెప్పారు? కాజా సంగతి అడిగితే అమ్మాయికి చెప్పాను, నీకక్కర్లేదన్నారు గురువుగారు. కాలరూ అంతే. అమ్మాయికి చెప్పాను పోరా అన్నారు.”

“నాతో వాడికి చెప్పాను పోవే అన్నాడు. రెండూనూ.”

నీళ్ల నడుమ ఇద్దరూ నిలబడిపోయారు. స్పాంజి గొట్టం మధ్యలో వంగి తేలుతోంది. తాతయ్య ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. రెండోవాళ్లకు చెప్పానని ఇద్దరికీ నిప్పు రాజేసి వదిలాడు. కాలరు ఈయన పంతం కొద్దీ తనే కనిపెట్టుకున్నాడు. కాజా ఆవిడ కసి కొద్దీ తనే సాధించింది. ముసలాయన మాత్రం చూపు పోయినా చెవులతో ఆ గోడ పంచాయితీ వింటూ, పడకకుర్చీలో హాయిగా వాలి, పోయేదాకా నవ్వుకుంటూనే ఉన్నాడన్నమాట.

“మీ నాన్నగారు...” అని మొదలుపెట్టాడు కత్తెరాయన.

“మా నాన్నని తిట్టుకోవడానికి నేనున్నాను. నువ్వు తిట్టకు.”

“తిట్టడం లేదండీ. నాకు రోజూ కలలోకొచ్చి కోతలో తప్పులు పడతారు. అది చెబుదామనుకున్నాను.”

 పిన్ని గొట్టం ఒక్కసారి తనవైపు లాగి మళ్లీ నడక మొదలుపెట్టింది. ఈలపిల్ల ఆ తర్వాత ఈల వేసింది.

మూడు నాలుగు రోజులకు కిటుకులు మార్చుకుందామని ఒప్పందం కుదిరింది. ఆయన కాలరు చెప్పాడు, ఈవిడ కాజా చెప్పింది. ఎవరింటికి వాళ్లు పోయి చేసి చూసుకున్నారు. పిన్ని కొత్త కాలరు తడిసిన అట్టలా నిలబడింది. ఆయన కాజా ఒక్క ఉతుకుకే నోరు తెరిచింది. మర్నాడు నీళ్లలో దిగుతూనే ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. అడుగు కాలరు పై కాలరుకంటే నూలుపోగంత చిన్నగా ఉండాలని ఆయన చెప్పాడు గానీ, దాన్ని క్రాసు మీద, అంటే నేతకు ఏటవాలుగా కోయాలని చెప్పలేదు. కాజా అంచున ఒక దారప్పోగు పడుకోబెట్టి దాని మీదుగా కుట్టాలని ఈవిడ చెప్పింది గానీ, దారానికి ముందు మైనం రాయాలని చెప్పలేదు. ఇద్దరూ మరిచిపోయామన్నారు. ఇద్దరూ నమ్మలేదు.

ఇక నోటిమాట మీద నమ్మకం కుదరక, ఒకరోజు కసరత్తయ్యాక బట్టలు మార్చుకునే గదుల ముందు బెంచీ మీద గుడ్డముక్కలు పరిచారు. ఆయన చంకకర్ర గోడకు ఆనించి కోశాడు, ఈవిడ చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కుట్టింది. వాకరు వదిలి చేతికర్రకు వచ్చిన కొత్త రోజులవి. తడి తలల ఆడవాళ్లు, తువ్వాళ్లు కప్పుకున్న మగవాళ్లు చుట్టూ మూగి దారి మూసేశారు. ఈలపిల్ల వచ్చి, తడినేల మీద ఇంతమంది గుమిగూడితే ఇంకో నాలుగు కాళ్లు విరుగుతాయని అందరినీ తరిమి, కత్తెర లాక్కుని ఈత కళ్లద్దాల డబ్బాలో పడేసింది. కత్తెరాయన మర్నాడు తాను జీవితంలో మొదటిసారి కత్తెర లేకుండా ఒక రాత్రి గడిపానని చెప్పుకుని బాధపడ్డాడు.

చీలమండ ఎప్పుడు మెత్తబడిందో ఎవరికీ తెలియలేదు. ఒక ఆదివారం పొద్దున బాబాయి గడ్డం గీసుకుంటుంటే వీధి గదిలోంచి మిషను చప్పుడు వినబడింది. కొట్లో ఎందుకు, ఇంట్లో సాధన చేద్దామని పిన్ని దాన్ని ముందురోజే ఇంటికి మోయించింది. మొదట చక్రం వెనక్కి తిరిగి దారం తెగిన చప్పుడు. తర్వాత పిన్ని ఎవరినో తిట్టిన చప్పుడు. తర్వాత టకటకటక, ఆగకుండా, ముందుకు. బాబాయి సగం నురగ మొహంతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“తిరుగుతోంది” అన్నాడు. బుగ్గ మీది నురగ తుడుచుకుని, “నీ చప్పుడు లేకపోతే ఇల్లు బాగాలేదు” అన్నాడు.

ఒకే పూట రెండు మాటలు. పిన్ని ఆ సంగతి నాకు ఇప్పటికీ చెబుతూ ఉంటుంది.

డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, ఎముక బ్రహ్మాండంగా ఉంది, ఇక కొలను అక్కర్లేదన్నాడు. పిన్ని మొహం మాడిపోయింది. మర్నాడు కొలనుకు బయలుదేరింది, ఎందుకని నేనడిగితే విననట్టు సంచి సర్దుకుంది. హాల్లోకి అడుగుపెడుతూనే కుంటడం మొదలుపెట్టింది. ఏటవాలు దారి దాకా ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, పళ్లు బిగించి, ఎంతో కష్టం మీద నడిచింది. కత్తెరాయన నీళ్లలోంచి చూసి, అమ్మాయిగారికి రాత్రంతా పోటేనటండీ పాపం అని అడగకుండానే సాక్ష్యం చెప్పాడు. ఆవిడ రాత్రి సంగతి ఆయనకెలా తెలుసో చెప్పలేదు.

ఈలపిల్ల చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

“ఆంటీ, విరిగింది ఎడమ కాలు. మీరు కుడికాలు కుంటుతున్నారు.”

పిన్ని ఆగి, కిందికి చూసుకుంది. “అదీ అరిగిపోయిందమ్మడూ, దీని బరువంతా మోసి మోసి” అంది.

ఈలపిల్ల నవ్వలేదు. ఈ గంటకు కొత్తగా ముగ్గురు విరిగినవాళ్లు ఎదురుచూస్తున్నారని, చోటు వాళ్లకు ఇవ్వాలని చెప్పి, శనివారం పొద్దున ఈత నేర్పే తరగతిలో ఖాళీ ఉంది చేరతారా అని అడిగింది. పిన్ని చేరింది. ఆ తరగతిలో మిగతావాళ్లందరూ పాలపళ్లు ఊడుతున్న పిల్లలని అక్కడికి వెళ్లాకగానీ తెలియలేదు. ఇప్పుడు ప్రతి శనివారం వాళ్లతోపాటు గట్టు పట్టుకుని కాళ్లు టపటపలాడిస్తుంది, తేలే స్పాంజి పలక పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. మాట్లాడుతున్నందుకు రెండుసార్లు వరసలోంచి బయట నిలబెట్టారట.

ఇదంతా అయ్యాక కొట్లో చెక్కగోడ తీసేస్తారని మేమంతా అనుకున్నాం. తీయలేదు. తీస్తే ఎవరితో దెబ్బలాడాలి అంటుంది పిన్ని. శనివారాలు ఆవిడ ఈతకు పోయినప్పుడు వచ్చే గిరాకీలను కత్తెరాయన చూసుకుంటాడు. వాళ్లలో కొందరిని మెల్లగా తనవైపు తిప్పుకుంటున్నాడని పిన్ని అనుమానం. నేనొకసారి ఆయన్ను మొహం మీదే అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకుని, ఈ వానలకు జిప్పులు బాగా తుప్పు పడుతున్నాయమ్మా అన్నాడు.